సొంత దుడ్డుతో కొన్నోడి మాట

ఒక ప్రింటర్ కొనడానికి నేను నెలన్నర చదివాను. పదో తరగతి పరీక్షలకు కూడా అంత చదవలేదు. అప్పుడే అంత చదివి ఉంటే ఈపాటికి ఏ బ్యాంకులోనో ఫ్యాను కింద కూర్చుని, వచ్చినవాళ్ళందరినీ రేపు రమ్మని చెబుతూ హాయిగా ఉండేదాన్ని. చదవలేదు కాబట్టి ఎమ్మిగనూరులో మగ్గం ఇంటి కోడలినై, ముక్కూ మొహం తెలియని నిపుణులు రాసిన రివ్యూలు చదువుతూ కళ్ళు కాయలు కాయించుకున్నాను.

దీనికంతటికీ కారణం మా మామ పుస్తకం. గళ్ళ కాగితాలు కుట్టిన పుస్తకం, అరవై పేజీలు. చీర అంచుల్లో వచ్చే మామిడిపిందెలు, హంసలు, గోపురాలు, అన్నీ ఆయన వయసులో ఉన్నప్పుడు ఎర్ర సిరాతో గడి గడీ నింపి గీసినవి. నిండిన గడి ఉన్నచోట అట్టకు బెజ్జం కొట్టాలి, ఖాళీ గడి ఉన్నచోట కొట్టకూడదు. ఆ అట్టల్ని మగ్గం మీదుండే జకార్డు పెట్టెకు తగిలిస్తే, బెజ్జాలను బట్టి దారాలు లేస్తాయి, అంచులో పువ్వు పడుతుంది. అట్టలు నాలుగు కాలాలపాటు తిరిగి చిరిగిపోతాయి. మళ్ళీ కొట్టుకోవాలంటే పుస్తకమే దిక్కు. ఆ పుస్తకమేమో చేయి తగిలితే చాలు అప్పడంలా విరుగుతోంది. మామకు ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది మసక. ఇక ఆయన మళ్ళీ గీయలేడు. పేజీ పోయిందంటే ఆ పువ్వు మా ఇంట్లో ఇక లేనట్టే.

జిరాక్సు తీయిస్తే పోదా అని మీరు అనవచ్చు. నేనూ అన్నాను. పెద్ద రభస అయింది. మా ఇళ్ళలో డిజైన్ పుస్తకం గడప దాటదు. ఎవరి అంచు వాళ్ళది. బంధువులొచ్చినా సరే, మామ ముందు పుస్తకం మీద తువ్వాలు కప్పి ఆ తర్వాతే మంచినీళ్ళు ఇమ్మంటాడు.

“జిరాక్సు అంగట్లో వాడు ఒగటి మనకిచ్చి ఒగటి దాసిపెట్టుకుంటాడు” అన్నాడు మామ.

“పోనీ ఫోన్లో ఫోటో తీసుకుందాం మామా.”

“ఫోన్లోనా? పొద్దు గూకేలోపల ఊర్లో గ్రూపులన్నిట్లోకీ పోతాది. కావాలంటే ఆ మిషన్నే మన ఇంటికి రమ్మను. పుస్తకం మాత్రం యాడికీ రాదు.”

సరే, మిషన్నే ఇంటికి తెద్దామని తీర్మానమైంది. కాపీ తీసేది, స్కాన్ చేసేది, ప్రింట్ వేసేది అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయని తెలిసింది. దాన్ని ఎంచే పని నా నెత్తిన పడింది. ఎందుకంటే మా ఆయన దృష్టిలో ఈ ఇంట్లో ఇంగ్లీషు వచ్చినది నేనొక్కదాన్నే. మందుల డబ్బా మీద గడువు తేదీ చదివిన పాపానికి వచ్చిన పేరు అది.

మొదట వీడియోలు చూశాను. ఒక కుర్రాయన వెనకాల నీలం లైట్లు, గులాబీ లైట్లు పెట్టుకుని, ప్రింటర్ వచ్చిన పెట్టెను తెరవడమే పావుగంట చూపించాడు. టేపు కోశాడు. థర్మోకోలు తీశాడు. వైరు తీసి, “వావ్” అన్నాడు. మా అత్త పక్కనే రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. కాసేపు చూసి అడిగింది.

“అట్టపెట్టె గురించే ఇంతసేపు సెప్తాండాడే, వాళ్ళది అట్టపెట్టెల యాపారమా?”

తర్వాత వెబ్‌సైట్లలో పడ్డాను. అన్నీ ‘టాప్ టెన్’ జాబితాలే. ఒకాయన జాబితాలో మొదటిది ఇంకొకాయన జాబితాలో ఏడోది, మూడో ఆయన దగ్గర అసలు లేదు. రేటింగు చుక్కలు మాత్రం ఎవరూ నాలుగున్నరకు తగ్గించలేదు. ఒక మహానుభావుడు ఫలానా ప్రింటర్ ఎంత నిశ్శబ్దంగా పని చేస్తుందో మీటరు పెట్టి కొలిచి, రెండు పేరాలు రాశాడు. మా ఇంట్లో రెండు మగ్గాలు నడుస్తాయి. ఇక్కడ ప్రింటర్ పాట పాడినా ఎవరికీ వినపడదు. ఇంకొకావిడ దుమ్ము లేని చోట పెట్టుకోమని రాసింది. మగ్గం ఇంట్లో నూలు పీచు మా అన్నంలో కూడా వస్తుంది తల్లీ, ఎక్కడ పెట్టమంటావు?

అయినా వదల్లేదు. ఒక పొడుగు నోటుబుక్కు తీసుకుని పదమూడు మంది నిపుణుల మాటలు గళ్ళు గీసి రాసుకున్నాను. మా ఆయన భోజనానికి వచ్చినప్పుడల్లా తొంగి చూసి, “ఏమే, జాతకాలు కుదిరినాయా?” అనేవాడు. అంచు నేయడం ఆయనకు ఎంత బాగా వచ్చో, మనిషిని ఉడికించడం అంతకన్నా బాగా వచ్చు.

అప్పుడొక ఆదివారం ఆదోని నుంచి మా అన్న వచ్చాడు. మా అన్న ఒక జిన్నింగ్ మిల్లు తరఫున మార్కెట్ యార్డులో పత్తి చూసి ధర చెప్పే మనిషి. సీజన్లో ఆయన చొక్కా మీద, మీసం మీద, కనుబొమల మీద కూడా పత్తే ఉంటుంది. నా నోటుబుక్కు చూసి గొప్ప పని చేశావంటాడని ఎదురుచూశాను. నాలుగు పేజీలు తిప్పి, పక్కన పెట్టేశాడు.

“సెల్లీ, ఇదంతా కుప్ప మింద పత్తి.”

“అంటే?”

“రైతు కుప్ప మింద తెల్లటి పత్తే ఏస్తాడు. నేను దాన్ని సూడనే సూడను. సెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి, అడుగున ఉండే పిడికెడు బయటికి లాగుతా. తడి ఆడ తెలుస్తాది. పింజ ఆడ తెలుస్తాది. నువ్వు మిందదే ఏరి రాసుకొచ్చినావు.”

నాకు ఒళ్ళు మండింది. నెలరోజుల కష్టం. “అయితే ఇందులో సెయ్యి యాడ పెట్టమంటావు నువ్వు?” అని గట్టిగానే అడిగాను.

“ఈళ్ళల్లో సొంత దుడ్డుతో కొన్నోడు ఎవుడు? కొని ఎన్ని దినాలు వాడినాడు? మనం కొంటే వానికేమొస్తాది? ఈ మూడూ రాసుకున్యావా యాడన్నా?”

రాసుకోలేదు. ఫోన్ తీసి, నాకు బాగా నచ్చిన నిపుణుడి పేజీని అడుగు దాకా జరిపాను. చీమ తలకాయంత అక్షరాలతో రాసి ఉంది, మా లింకు ద్వారా మీరు కొంటే మాకు కొంత కమీషన్ అందుతుందని. ఆ పేజీని నేను నాలుగుసార్లు చదివి ఉంటాను. ఆ వాక్యం ఒక్కసారి కూడా కంటపడలేదు.

అన్న పకపకా నవ్వాడు. “మా యార్డులో కమీషన్ ఏజెంటు పత్తిని తిట్టంగా నేనింతవరకు సూల్లేదు సెల్లీ.”

అత్త కూడా నవ్వింది. మామ పేపర్ చాటున నవ్వాడు, పేపర్ కదిలింది కాబట్టి తెలిసింది.

ఆ రోజు నుంచి నేను వేరే మనిషినయ్యాను. ఎర్ర పెన్నుతో కొట్టేస్తూ పోయాను. కంపెనీ వాళ్ళు పంపితే రాసినవాళ్ళు పోయారు. ఒక పూట వాడి రాసినవాళ్ళు పోయారు. ఒకాయనైతే ప్రింటర్‌ను ముట్టుకోకుండానే, కంపెనీ వాళ్ళు చెప్పిన లెక్కలు చూసి తన అనుభవం రాశాడు. ఆయన్ని కొట్టేసేటప్పుడు కాగితం చిరిగింది. చివరికి ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే, ఒకాయన రాసింది రెండో ఆయన ఎత్తి రాసుకున్నట్టు తేలింది. అవే మాటలు, అవే పొగడ్తలు. ఇద్దరినీ కొట్టేశాను. పదమూడు మందిలో ఒక్కరూ మిగల్లేదు.

మళ్ళీ మొదటి నుంచి వెతుకుతుంటే ఒక కన్నడం వీడియో దొరికింది. లైట్లు లేవు, పాట లేదు. సున్నం గోడ, దానికో క్యాలెండరు, బల్ల మీద పాత దస్త్రాల కట్టలు. వాటి మధ్య కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దాయన, ప్రింటర్ మీద చేయి వేసి మాట్లాడుతున్నాడు. నాకు కన్నడం రాదు. మా అత్తది కర్ణాటక సరిహద్దులోని హొళగుంద. పుట్టింటి వైపు వాళ్ళు ఫోన్ చేస్తే సగం కన్నడంలోనే పోట్లాడుతుంది. రాట్నం ఆపి, చెంగుతో చేతులు తుడుచుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

“సొంత దుడ్డుతో కొన్నాడంట. ఎనిమిది నెలలైందంట. కంపెనీవోళ్ళకూ ఆయనకూ ఏ సంబంధమూ లేదంట. మొగం సూడు, అబద్ధం సెప్పే మొగమేనా అది?”

“ఇంకా ఏమంటాడు అత్తా?”

“నీలం రంగు తొందరగా అయిపోతాదంట. రంగు కాగితం నిదానంగా వస్తాదంట. కాగితాలు పెట్టే మూత శానా నాసిరకమంట, ఒగసారి ఊడి సేతికొచ్చిందంట.”

నాకు ప్రాణం లేచివచ్చింది. నెలరోజులుగా ఒక్క మనిషైనా ఒక్క తిట్టు తిట్టడా అని చూస్తున్నాను. ఈయన తిడుతున్నాడు! అంతలో ఆయన ఒక పాత దస్త్రం తీసి మిషన్లో పెట్టి, వచ్చిన కాపీని ఎత్తి చూపించాడు. అత్త ముందుకు వంగింది.

“ఎంత పాత కాగితమైనా, పసుప్పచ్చగా అయిపోయిండేదైనా, మరకలు పడిండేదైనా, కొత్త కాగితం మింద గీసినట్ల తెల్లగా వస్తాదంట!”

మామ పేపర్ మడిచి కింద పెట్టాడు. “ఇంగేం కావాల? అదే తీసుకో.”

నేను నోటుబుక్కులో ఆ వాక్యం రాసి కింద రెండు గీతలు గీశాను. వీడియో ఇంకా కొంత మిగిలి ఉంది. ఆపేశాను. కావలసిన మాట దొరికాక ఇంకా ఎందుకు?

ఆదోనిలో అంగడికి అన్న కూడా వచ్చాడు. ఎన్నేళ్ళ అలవాటో, ప్రింటర్ మూత ఎత్తి మోచేతి దాకా చేయి లోపలికి పెట్టబోయాడు. అంగడి ఆయన పరుగున వచ్చి చేయి పట్టుకున్నాడు. “అరె భాయ్, సెయ్యి పెట్టొద్దన్నా! అది పత్తి మూట గాదు!” నేను తల వంచుకుని నవ్వు ఆపుకున్నాను. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఎమ్మిగనూరు చేరేసరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి, కానీ లోపల మాత్రం ఏదో పోటీలో గెలిచి వస్తున్నట్టు ఉంది.

ప్రింటర్‌ను ముందు గదిలో పెట్టి, పీచు పడకుండా పాత చీర ముక్క కప్పాం. మామ స్నానం చేసి వచ్చి, పుస్తకాన్ని తన చేతులతోనే గాజు మీద బోర్లించాడు. మీట నొక్కాను. మొదటి కాపీ బయటికి వచ్చింది. పసుపు మరక లేదు, టీ గ్లాసు గుండ్రం లేదు, మడతల చారలు లేవు. తెల్లటి కాగితం మీద ఎర్రటి మామిడిపిందెలు.

“ఇది నా గీతేనా?” అన్నాడు మామ. కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు. “ఎంత ముద్దుగా ఉండాదో సూడండ్రా! ఒగ తప్పు ల్యా!”

అరవై పేజీలూ తీశాం. అసలు పుస్తకాన్ని గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టేశాం. తర్వాత వారం రోజులు నేను ఇంట్లో నడిచిన నడకే వేరు. ఉల్లిపాయలు కొనేటప్పుడు కూడా బండి ఆయన్ని, “సొంతంగా తిని చూశావా?” అని అడిగాను.

మా ఆయన కొత్త కాపీ ముందు పెట్టుకుని, మామిడిపిందెల అంచుకు కొత్త అట్టలు కొట్టాడు. మగ్గానికి తగిలించి నేయడం మొదలుపెట్టాడు. మర్నాడు మధ్యాహ్నం మగ్గం ఉన్నట్టుండి ఆగింది.

“అందరూ ఒగసారి ఇట్ల రాండి.”

వెళ్ళి చూశాం. అంచులో మామిడిపిందెకు మెడ విరిగింది. తోక ఒకచోట, ఒళ్ళు ఒకచోట. ఒకటైతే అచ్చం వంకాయలా ఉంది. మామ వేలితో తడిమి చూసి, ముందు మగ్గాన్ని, తర్వాత కొడుకుని, తర్వాత ముందు గదిలో చీర ముక్క కప్పుకుని కూర్చున్న ప్రింటర్‌ను చూశాడు. చివరికి నన్ను చూశాడు.

“సొంత దుడ్డుతో కొన్నాడంట! ఎనిమిది నెలలు వాడినాడంట! నలభై ఏండ్ల పుస్తకాన్ని నాశనం సేసి పెట్టినాడు నీ ఎక్స్‌పర్టు!”

నాకు ఏడుపు వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. కోపమే గెలిచింది. ట్రంకు తెరిచి పుస్తకం తీశాను. చీపురుపుల్ల పట్టుకుని, పుస్తకంలో ఒక వరుస, కాపీలో ఒక వరుస, గడి గడీ లెక్కపెట్టాను. రెండుసార్లు పెట్టాను. ఒక్క గడి తేడా లేదు.

“మామా, మిషన్ ఒక్క గడి తినలేదు. నువ్వు గీసింది గీసినట్టే ఉంది. రా, నువ్వే లెక్కపెట్టు.”

“అయితే నా గీత తప్పంటావా?”

మా ఆయనకు ఉన్నట్టుండి మగ్గం కింద ఏదో పని గుర్తొచ్చింది. గీతే తప్పయితే ఇన్నేళ్ళుగా ఈ అంచు ఎలా వచ్చింది? తప్పు కాకపోతే ఇప్పుడెందుకు రావడం లేదు? పుస్తకం ఉండీ పువ్వు పోయిందంటే, ఇక మేం దాచుకున్నది ఏమిటి?

అప్పుడు రాట్నం చప్పుడు ఆగింది. అత్త వచ్చింది. కాపీ చూసింది, పుస్తకం చూసింది, మళ్ళీ కాపీ చూసింది.

“నా సుక్కలు యాడ బోయినాయి?”

“ఏం సుక్కలు?” అన్నాడు మామ.

అత్త పుస్తకంలో ఒక గడి మీద వేలు పెట్టింది. నేను వంగి చూశాను. పెన్సిల్‌తో పెట్టిన చుక్క. ఉందా లేదా అన్నట్టుంది. నాలుగు గళ్ళ అవతల ఇంకొకటి. ఇన్నాళ్ళూ అది మురికనుకున్నాను. మా ఆయన మగ్గం కింద నుంచి తల బయట పెట్టాడు.

“అవా? సుక్క ఉంటే ఉల్టా కొట్టమని సిన్నప్పుడు నువ్వే నేర్పిస్తివి కదమ్మా. నాయనే పెట్టినాడనుకుంటి. కాపీలో సుక్కలు లేకపోతే, మిషనే అంతా సరిసేసిందేమో అనుకుంటి.”

సంగతి మెల్లగా బయటికి వచ్చింది. ఆ రోజుల్లో మామ గీసేవాడు, అత్త అట్టలు కొట్టేది. నేసి చూస్తే ఎక్కడో ఒకచోట పువ్వు విరిగేది. అత్త అక్షరం ముక్క రానిదే గానీ, ఏ గడి నిండకూడదో, ఏ గడి నిండాలో ఆమెకు కనపడేది. ఆ గడిలో పెన్సిల్‌తో చుక్క పెట్టి, అక్కడ ఉల్టా చేసేది, నిండిన గడైతే బెజ్జం కొట్టకుండా, ఖాళీదైతే కొట్టి. ఆ చుక్కలు తనవని ఎవరికీ చెప్పలేదు.

“నాకేంటికి సెప్పలేదు?” అన్నాడు మామ. గొంతు బాగా తగ్గింది.

“మొదటిసారి సెప్తిని. మూడు దినాలు అన్నం తినకుండా కూసుంటివి. నిన్ను బతిమాలి అన్నం పెట్టేదానికన్నా పెన్సిల్ తేలిక గదా.”

“నేను పురుగు మచ్చలనుకుంటినే” అని మామ అరుగు మీద కూలబడ్డాడు.

అత్త ఉన్నట్టుండి నుదురు కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. “మరకలన్నీ పోయి తెల్లగా వస్తాదని నేనే సెప్తినే! నా నోటితో నేనే సెప్తిని గదే!” ఆమె నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నలభై ఏళ్ళు మా ఇంటి పరువు నిలబెట్టిన చుక్కల్ని, నేను రెండు గీతలు గీసి మరీ ఎంచుకున్న మిషన్ మురికని తుడిచేసింది.

అన్నకు ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకున్నాను. అంతా విని ఒకటే అడిగాడు.

“వీడియో కడదాకా సూసినావా?”

“...లేదు.”

“కుప్ప అడుగు దాకా సెయ్యి పెట్టమన్నానా లేదా? నడిమిట్లోనే తీసేస్తివి గదా తల్లీ.”

అత్తను పక్కన కూర్చోబెట్టుకుని మిగిలిన వీడియో పెట్టాను. మేం ఆపేసిన చోటు నుంచి ఒక నిమిషం గడిచిందో లేదో, ఆ పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని చెప్పాడు. లేత పెన్సిల్ రాతలున్న కాగితాలైతే జాగ్రత్త, మరకలు తీసే సెట్టింగు దానంతటదే పడి ఉంటుంది, దాన్ని ఆపుకోండి అని. ఎక్కడ ఆపాలో వేలితో నొక్కి చూపించాడు కూడా. ఆయన దాచింది ఏమీ లేదు. మేమే ఆయన్ని పూర్తిగా మాట్లాడనివ్వలేదు.

సెట్టింగు ఆపి, మొదటి పేజీ మళ్ళీ తీశాను. పసుపు మరక వచ్చింది. టీ గ్లాసు గుండ్రం వచ్చింది. మడతలు, బొటనవేలి ముద్రలు వచ్చాయి. వాటి మధ్య చుక్కలూ వచ్చాయి. మామ కాగితం అందుకుని కంటికి ఆనించుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుగులో పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఈ సుక్కలు ఇంగ రవ్వంత గట్టిగా పడేట్ల సెయ్యలేవామ్మా? నా కంటికి ఆనడం ల్యా.”

“మిషన్‌తో ఇంతే మామా.”

ఆయన లోపలికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు చేతిలో ఎర్ర పెన్ను ఉంది. కంటి ఆపరేషన్ తర్వాత ఆయన దాన్ని ముట్టుకోవడం నేను చూడలేదు. కాగితం చాప మీద పరిచి, అత్తకేసి చూడకుండానే అన్నాడు.

“యాడుండాయో సూపీ.”

అత్త వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒక గడి మీద వేలు పెట్టి తీసింది. మామ అక్కడ ఎర్ర చుక్క పెట్టాడు. ఆమె ఇంకో గడి చూపింది. ఆయన పెట్టాడు. తప్పు చోట పెట్టబోతే చేయి పట్టుకుని జరిపింది, ఆయన జరిపించుకున్నాడు. ఒక్క పేజీలోనే పదకొండు తేలాయి. పదకొండోది పెట్టాక పెన్నుకు మూత బిగించి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయాడు.

అత్త పుస్తకంలో పేజీ తిప్పింది.

“ఇంగా యాభై తొమ్మిది ఉండాయి. కూసో.”